నాలుగు వేళ్ళ ఎత్తు

“ఇంకోపాలి జరిపి సూడు మావా” అంది ప్రమోదిని.

వడ్రంగి సింహాద్రి జరిపాడు. ఇది మూడోసారి. పనస చెక్కతో చేసిన పసిబిడ్డ మంచం వచ్చి పెద్దమంచం పట్టెకి తగిలి ఆగింది. తగిలిందే గాని కలవలేదు. చిన్నమంచం నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉంది. పట్టెలో పడాల్సిన రెండు కొక్కేలూ గాలిలో ఉండిపోయాయి.

ప్రమోదిని వంగి ఆ సందులో చెయ్యి పెట్టి చూసింది. మణికట్టు దాకా దూరిపోయింది. తన చెయ్యే దూరిందంటే ఇరవై ఒక్క రోజుల బిడ్డకి అదెంత?

బరంపురం ఆస్పత్రిలో పురుడు పోసుకున్నప్పుడు ఆమె ఇలాంటి మంచం చూసింది. తల్లి మంచానికి ఆనుకుని, అదే ఎత్తులో, తల్లి వైపు అడ్డు లేకుండా, మిగిలిన మూడు పక్కలా కమ్మీలతో ఉంది. అక్కడి నర్సు లిల్లీ దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకుంది. కమ్మీకీ కమ్మీకీ మధ్య మూడు వేళ్ళకి మించి సందుండకూడదు. పరుపు గట్టిగా ఉండాలి. దిండూ బొంతా ఏమీ ఉండకూడదు. ఇంటికి రాగానే కేలండరు కాగితం వెనకాల బొమ్మ గీసి, గట్టి కొబ్బరి పీచు పరుపు కొలత కూడా రాసి ఇచ్చింది. బిడ్డ పక్కనే ఉండాలి, తన పరుపు మీద మాత్రం ఉండకూడదు. కవిటిలోని ఈ అత్తింట్లో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

“మంచం కోల్లు కోసీ మావా” అంది లేచి. “నాలుగేల్లు తీసీత్తే సరిపోతాది. సంచిలో రంపముంది కదా.”

సింహాద్రి సంచి వైపు చూడలేదు. గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో ప్రమోదిని అత్తగారు బంగారమ్మ నిలబడి ఉంది.

“రంపం ముట్టుకున్నావంతే ఊరుకోను” అంది బంగారమ్మ.

వీధిలో కొబ్బరాకు పందిరి కింద వంటవాళ్ళు పొయ్యి రాజేస్తున్నారు. బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజు. పదకొండు దాటితే చుట్టాలు దిగుతారు. అంత పని పెట్టుకుని ఈ మనిషి కొయ్యముక్కకి కాపలా కాస్తోంది.

“నాలుగేల్లు కోడానికి అడ్డమేటత్తా?”

“కొత్త మంచం. కోత్తే పాడైపోతాది.”

“కోల్లు కోత్తే మంచమెలగ పాడైపోతాది?”

“నీకేది బాగున్నాది గనక?” బంగారమ్మ లోపలికి వచ్చింది. “సీర ఉయ్యాల కడతానంతే గుంటడి మెడ మడత పడిపోతాదన్నావు. నా కూతురు టెక్కలి నుంచి దోమతెర బుట్ట తెత్తే, మెత్తగున్నాది, మూతి కూరుకుపోతాదన్నావు. ఆవాల దిండు పెడితే తీసి గుమ్మంలో పడీసినావు. కట్టెమంచమే కావాలన్నావు. పెరట్లో పనసచెట్టు కొట్టించి సేయించినాము. ఇప్పుడు పొడుగయ్యిందంతన్నావు. బిడ్డని కిందేసుకుని పడుకున్నదానికి ఇన్ని ఎంపికలేటి?”

ఆ మాట ఈ ఇంట్లో కొత్త కాదు. రెండేళ్ళుగా కూరలో ఉప్పులా ఏదో ఒక వేళ పడుతూనే ఉంది. నలభై రోజుల ఆడపిల్ల, మొదటి కాన్పు, ఇదే పెద్దమంచం మీద తల్లీ తండ్రీ మధ్యన పడుకుని తెల్లారేసరికి లేవలేదు. నిద్రమత్తులో తల్లే మీదికి దొర్లిందని ఊరంతా అన్నారు. తనే దొర్లానని ప్రమోదిని కూడా ఒప్పుకుంది. ఆ తర్వాత ఆమె ఆ మంచం ఎక్కింది గాని కంటినిండా నిద్రపోయింది లేదు. ఈ బిడ్డ పుట్టాక అసలు మంచమే ఎక్కలేదు. భర్తను ముందు గదిలోకి పంపేసి, ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ చాప మీద గోడకి చేరబడి, బిడ్డ ఊపిరి చూస్తూ కూర్చుంది. ఈ మంచం వస్తే నడుం వాల్చొచ్చని ఎదురు చూసింది.

“అన్నారు గదా, ఇంక సాలు” అంది ప్రమోదిని. “కొయ్యి మావా.”

సింహాద్రి తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. పాపం, అబద్ధం ఆడడం చేతకాని మనిషి.

“కోత్తే అక్కడ సరిపోదమ్మా” అన్నాడు.

“ఎక్కడ?”

సింహాద్రి నాలిక్కరుచుకున్నాడు. బంగారమ్మ కళ్ళెర్రజేసింది.

“ఎక్కడ సరిపోదు మావా? ఎవుల మంచానికి కొలత తీసినావు?”

“టెక్కలి అమ్మగోరి మంచానికమ్మా” అన్నాడు సింహాద్రి నేల చూస్తూ. “ఆరం కిందట మీ అత్తగోరు బస్సు కిరాయి ఇచ్చి ఎల్లి రమ్మంతే ఎల్లినాను. ఆల్లది డబల్ కాట్, ఎత్తు మంచం. బొమ్మ మీదే, కొలత ఆల్లది. మీకు తెలుసు గావాలనుకున్నాను.”

టెక్కలి అమ్మగారంటే ప్రమోదిని భర్త అజయ్‌కి అక్క, సుహాసిని. పెళ్ళై పదకొండేళ్ళయింది, కడుపు పండలేదు. ప్రమోదిని పురిటికి సాయమని పద్దెనిమిది రోజులుగా ఇక్కడే ఉంది. బిడ్డకి నీళ్ళు పోసింది, సాంబ్రాణి వేసింది, గుడ్డలు ఉతికింది. ఎంత మంచి ఆడపడుచు అని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. ప్రమోదిని కూడా అలాగే అనుకుంది. వెర్రిబాగుల్ది.

“వదిన మంచానికి బిడ్డమంచం ఎందుకత్తా?”

 జవాబు చెప్పాల్సిన మనిషి పెరటి గుమ్మంలోంచి వచ్చింది. నీళ్ళు పోసి, తల తుడిచి, బుగ్గన చుక్క పెట్టిన బిడ్డ సుహాసిని భుజం మీద నిద్రపోతున్నాడు.

“మెల్లగా మాటాడండి, నా గుంటడు లేచిపోతాడు” అంది సుహాసిని.

“ఇలగియ్యి వదినా.” ప్రమోదిని రెండు చేతులూ చాపింది.

సుహాసిని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగుతో ప్రమోదినికి అంతా అర్థమైపోయింది. 

“మూడో నాడు సేటలో ఏసి ఇచ్చినావా, లేదా?” అంది బంగారమ్మ. “ఒళ్ళో తవుడు పోయించుకున్నావా, లేదా? పది మంది ఆడోలు సూసినారు.”

పుట్టిన బిడ్డ దక్కని ఇంట్లో, తర్వాతి బిడ్డను తవుడుకి అమ్మడం ఈ చుట్టుపక్కల తరతరాలుగా ఉన్నదే. తల్లి బిడ్డను చేటలో పెట్టి ఇస్తుంది. కొన్నావిడ తల్లి ఒళ్ళో తవుడు పోస్తుంది. బిడ్డ ఈ ఇంటిది కాదని చావును ఏమార్చడం. ఇరవయ్యొకటో నాడు ఆ తవుడే తిరిగిచ్చి బిడ్డను తెచ్చుకుంటారు. తవిటమ్మలూ తవిటినాయుళ్ళూ లేని ఊరు ఈ జిల్లాలో లేదు. వాళ్ళందరినీ కన్నతల్లులే పెంచుకున్నారు.

“అది ఆచారం గదా అత్తా” అంది ప్రమోదిని. “ఈడు బతకాలనే గదా ఇచ్చినాను. ఇయ్యాల తవుడు ఇచ్చీసి నా బిడ్డని నాను తెచ్చుకుంతాను.”

“ఇయ్యి మరి” అంది సుహాసిని. “నానొద్దన్నానా?”

ప్రమోదిని వంటింట్లోకి పరుగెత్తింది. అటక మీద, ఆవకాయ జాడీ వెనకాల, మూతికి పసుపుగుడ్డ కట్టి దాచుకున్న కొత్త కుండ అది. రోజూ పొద్దున్న లేచి అదుందో లేదో చూసుకునేది. ముక్కాలిపీట ఎక్కి దించింది. పసుపుగుడ్డ ఉంది. లోపల చెయ్యి పెడితే అడుగు తగిలింది.

“గేదెకి పెట్టీసినాను” అంది బంగారమ్మ వెనకనుంచి. “పురుగు పట్టీసింది.”

ప్రమోదిని ఖాళీ కుండ పట్టుకుని అలాగే నిలబడింది. 

“మిల్లుకెల్లి ఇంకో సేరు తెత్తాను.”

“ఆ తవుడే ఇవ్వాల” అంది బంగారమ్మ. “ఏరే తవుడిత్తే సెల్లదు. మీ ఇచ్చాపురంలో ఎలగో గాని ఇక్కడలగే.”

చూడండి మరి. బిడ్డ ప్రాణం నిలవాలని పెద్దలు పెట్టుకున్న ఆచారానికి ఈ ఇల్లాలు ఎక్కడ కన్నం పెట్టిందో.

వసారాలో పడక కుర్చీలోంచి మావగారు పోలారావు దగ్గాడు. కాళ్ళు రెండూ ఉబ్బి మెరుస్తున్నాయి. ఈ ఊళ్ళో మూడిళ్ళకొకటి చొప్పున ఉన్న కిడ్నీల జబ్బే ఆయనది కూడా.

“కన్నదానికి ఇచ్చీయే బంగారం” అన్నాడు. “పాపం తగులుతాది.”

“నువ్వు మాటాడకు” అంది బంగారమ్మ అటు తిరక్కుండానే. “ఆరానికి రెండుపాల్లు నిన్ను ఇసాపట్నం తీసుకెల్లి రక్తం కడిగించి తెస్తన్న కారు ఎవుల్ది? నీ అల్లుడిది. ఆ అల్లుడు ఇంకో సమ్మంధం సూసుకుంతన్నాడని తెలుసా నీకు? రేపు నీ కూతురు సూట్‌కేసట్టుకుని ఈ గుమ్మంలోకొత్తే నీ కారూ ఉండదు, నీ కొడుకు కొలువూ ఉండదు.”

పోలారావు మళ్ళీ దగ్గాడు. ఈసారి ఉత్త దగ్గే.

సుహాసిని వచ్చి ప్రమోదిని పక్కన నిలబడింది. గొంతు తగ్గించి, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

“నానేటి ఎత్తుకుపోతన్నానా? నువ్వే ఇచ్చినావు. నవ్వుతా ఇచ్చినావు. నువ్వు గీసిన బొమ్మలో ఒక్క గీత మార్సలేదు. ఎల్లికిలా పడుకోబెట్టాలన్నావు, అలగే పడుకోబెడతాను. పక్కలో ఏటీ ఉండొద్దన్నావు, ఉంచను. దిండెయ్యను. నువ్వెంత జాగర్త సెప్పినావో అంత జాగర్తా నేర్సుకున్నాను. పద్దెనిమిది రోజులూ నీ దగ్గర కూకున్నది అందుకే గదా.”

“ఆడికి పాలు?”

“డబ్బాలు తెప్పించినాను. అయినా ఈడికి నీ దగ్గర గండముంది ప్రమోదినీ. మా ఆయన అవతల గదిలో పడుకుంతాడు. ఈడి మీద పడీవోలు మా ఇంట్లో ఎవులూ లేరు.”

ప్రమోదిని ఆడపడుచు మొహంలోకి చూసింది. ఈ మాట తెలిసి అందా, తెలియక అందా? మొహం చూస్తే ఏమీ తెలియలేదు. బిడ్డ నిద్రలో పెదవులు కదిపాడు. ప్రమోదిని జాకెట్టు తడిసిపోయింది. పైట లాక్కుని అక్కణ్ణుంచి వసారాలోకి వచ్చేసింది.

అజయ్ వసారా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పందిరికి కట్టాల్సిన రంగుకాగితాలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటీ పురికొసకి అంటిస్తున్నాడు. ఇంత గొడవా అతని చెవిన పడుతూనే ఉంది. కాగితాలు మాత్రం వరస తప్పలేదు. పలాసలో బావగారి జీడిపప్పు కార్ఖానాలో సూపర్‌వైజరు మరి, వరస తప్పకుండా పని చేయడం అలవాటు.

“బావా” అంది ప్రమోదిని.

“ఊఁ.”

“బిడ్డని పట్టుకెల్లిపోతన్నారు. నీకు ముందే తెలుసా?”

అజయ్ జిగురు సీసా మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు.

“తెలుసా?”

“అప్ప కాడ ఉంతే ఏటవుతాది? టెక్కలెంత దూరం? ఆదివారం ఆదివారం ఎల్లి సూసొద్దుము.”

“నీకెవులు సెప్పినారు?”

“అమ్మ సెప్పింది.”

“ఎప్పుడు?”

అజయ్ ఇంకో కాగితం అంటించాడు.

“ఎప్పుడు బావా?”

“ఐదో నెల్లో” అన్నాడు.

ఐదో నెల. ఆ ఐదో నెల్లోనే ఇతను రాత్రిపూట తన పొట్ట మీద చెయ్యేసి, ఈసారి జాగ్రత్తగా ఉందుమే అన్నాడు. ఆ మాటకి తను ఏడ్చింది కూడా. దుఃఖం కాదు, ఒళ్ళంతా మంట పుట్టింది ప్రమోదినికి.

“సరే” అంది. “ఒక్క మాట సెప్పీసి పట్టుకెల్లమను. ఆయాల మంచం మీద ఎవులు ఎటు పడుకున్నారో మీ అమ్మకి సెప్పు.”

అజయ్ చేతిలో కాగితం ఆగిపోయింది.

“ప్రమోదినీ.”

“సెప్పు. సోంపేటలో పెళ్ళికెల్లి తాగొచ్చి ఎవులు పడ్డారో సెప్పు. నాను లేసి సూసేసరికి ఎవుల బుజం కింద ఉన్నాదో సెప్పు. నా కాల్లట్టుకుని, నువ్వే అని సెప్పవే, ఆడదాన్ని ఎవులూ ఏటీ అనరు అని ఎవులేడిసినారో సెప్పు. రెండేల్లు మోసినాను బావా. ఎవులికీ సెప్పలేదు. మా అమ్మకి కూడా సెప్పలేదు. ఇయ్యాల నా బిడ్డ కోసం నువ్వు ఒక్కపాలి నోరు తెరువు.”

వంటవాళ్ళ గరిటెల చప్పుడు ఆగింది. సింహాద్రి గది గుమ్మంలోనే నిలబడిపోయాడు. పోలారావు కళ్ళు మూసుకున్నాడు. అజయ్ తల ఎత్తలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

నోరు తెరిచింది బంగారమ్మ.

“నాకు తెల్దేటి?” అంది.

ప్రమోదిని గిర్రున వెనక్కి తిరిగింది.

“ఆయాల తెల్లారి మీ గది తలుపు తీసింది నానే గదా. ఆడి సొక్కా బుజం మీద ఆ ఆడగుంట కక్కిన పాల మరకుంది. ఎవులూ లేవకముందే ఉతికి ఆరేసింది నానే.”

“తెలిసీ... తెలిసే నన్నన్నారా రెండేల్లూ?”

“మరెవుల్నంతారు?” బంగారమ్మ గొంతులో కోపం లేదు. కూరగాయలవాడితో మాట్లాడినంత మామూలుగా ఉంది. “మొగోడి మీద ఆ మాట పడితే నలుగుర్లో తలెత్తుకు తిరుగుతాడేటి? బావ ఆడ్ని కొలువులో ఉంచుతాడేటి? నువ్వు ఆడదానివి. ఏడిసి ఊరుకుంతావు. ఊరుకున్నావు గూడా.”

“అందుకే గదా అత్తా ఈ మంచం అడిగినాను.” ప్రమోదిని గది వైపు చెయ్యి చూపింది. “మల్లీ ఎవులూ పడకండా ఉంతాడనే గదా. నాను ఆయన్నేటీ అనలేదు, మీరు నన్నన్నవన్నీ పడ్డాను. నాలుగేల్లు కోత్తే నా బిడ్డ నా పక్కన బతుకుతాడు.”

“అక్కడా బతుకుతాడు” అంది బంగారమ్మ.

గేటు బయట టాటా సుమో వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. సుహాసిని చిన్న సంచి భుజాన తగిలించుకుని, బిడ్డకి ఎండ తగలకుండా కొంగు కప్పి, అరుగు దిగింది. తమ్ముడి పక్కనుంచే వెళ్ళింది. ఇంతసేపూ విన్నదంతా ఆమెకి కొత్తో పాతో, ఆమె మొహంలో ఒక్క గీతా కదల్లేదు. ఆ బిడ్డ లేకుండా టెక్కలి గుమ్మం ఎక్కలేనని ఆమెకి తెలుసు. మిగిలినవేవీ ఆమెకి అక్కర్లేదు.

“అత్తా, సుట్టాలొత్తారు. ఉయ్యాల ఏడుక...”

“టెక్కల్లో ఏత్తారు. ఇక్కడ భోజనాలు పెట్టి పంపీడమే” అంది బంగారమ్మ.

అప్పుడు అజయ్ లేచాడు.

ఒళ్ళోని రంగుకాగితాలు జారి కింద పడ్డాయి. వాటిని తొక్కుకుంటూ రెండడుగులు గేటు వైపు వేశాడు.  ఎంతైనా కన్నతండ్రి. తల్లి అంత మాట అన్నాక ఇక దాచుకోడానికి ఏముంది? వెళ్ళి అక్క చేతిలోంచి బిడ్డను తీసుకుంటాడు. తప్పకుండా తీసుకుంటాడు. ఆమె అలాగే అనుకుంది, పిచ్చిది, ఆ రెండడుగుల సేపూ.

గేటు దగ్గర సుహాసిని వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది. 

అజయ్ ఆగాడు. వెనక్కి తిరిగి, ప్రమోదిని మొహం చూడకుండా ఆమెను దాటుకుని, గదిలోకి వెళ్ళాడు. పనసమంచం తలవైపు కొస రెండు చేతులా పట్టుకుని కొంచెం ఎత్తి, బరువు చూసి దించాడు.

“సింహాద్రీ, అటు పట్టు.”

సింహాద్రి కదల్లేదు. “నానీ మంచం మొయ్యను బాబూ” అన్నాడు. సంచి భుజాన వేసుకుని పెరటి దారిన వెళ్ళిపోయాడు.

అజయ్ చుట్టూ చూశాడు. గుమ్మంలో భార్య ఒక్కతే ఉంది.

“ప్రమోదినీ” అన్నాడు, రోజూ బిందె దించమని పిలిచే గొంతుతోనే. “ఆ కొస నువ్వు పట్టు. ఇది లేకపోతే ఈ రాత్రి గుంటడు ఎక్కడ పడుకుంతాడు?”

బయట హారన్ మళ్ళీ మోగింది. ఆ చప్పుడుకి బిడ్డ లేచినట్టున్నాడు, ఏడుపు వినబడింది.

ప్రమోదిని గదిలోకి వచ్చింది. వంగి ఆ రెండో కొస పట్టుకుంది.

“ఎత్తు” అన్నాడు అజయ్.

ఆమె ఎత్తలేదు. వదల్లేదు కూడా.